ఆమోసు వెళ్ళని జూన్ నెల

ఆమోసు మా నీటి పరీక్షల లాబొరేటరీలో శాంపిళ్ళు తెచ్చే మనిషి. డెబ్భై రెండులో నేను అక్కడ అసిస్టెంటుగా చేరేనాటికే ఆయనకి నలభై అయిదేళ్ళు. భవానీపురంలో కాపురం. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఖాకీ చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకునేవాడు. నెలకోసారి బందరు కాలవ వెంబడి ఎనిమిది చోట్ల ఆగి, ఎనిమిది సీసాల నీళ్ళు పట్టుకొచ్చేవాడు. మొదటి సీసా బెజవాడలో, కాలవ మొదట్లోనే. చివరి మూడూ సముద్రం దగ్గర. ఇసకపాలెం మంచినీళ్ళ చెరువులో ఒకటి, ఊరి పక్కన పారే మురుగు కాలవలో ఒకటి, ఆ కాలవ సముద్రంలో కలిసేచోట ఒకటి.

సీసా మెడకి దారం కట్టి నీళ్ళలోకి దింపి, నింపి, మళ్ళీ బిరడా పెట్టేదాకా ఊపిరి బిగపట్టేవాడు. "మన ఊపిరి తగిలితే నీళ్ళు మారిపోతాయండీ అమ్మగారూ" అనేవాడు. అలా మారవని నేనెప్పుడూ చెప్పలేదు. పనిలో అంత భక్తి ఉన్న మనిషి మా ఆఫీసులో ఇంకొకరు లేరు.

తెచ్చిన నీళ్ళని నేను ఊదారంగు ద్రావకం పోసిన గాజు గొట్టాల్లో కలిపి వెచ్చగా ఉంచేదాన్ని. నీళ్ళు మంచివైతే ఆ రంగు అలాగే ఉంటుంది. మనుషుల మలం కలిసిన నీళ్ళయితే రెండో రోజుకి పసుపుగా మారి బుడగ కడుతుంది. ఆ ఫలితం రిజిస్టరుకెక్కి, అక్కడినుంచి బందరులోని ఆరోగ్యశాఖ వాళ్ళకి కాగితం వెళ్ళేది. ఆమోసుకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పేవాళ్ళం కాదు. ఆయన పని సీసాలు తేవడంతో అయిపోయేది.

ఇసకపాలెంలో రావమ్మ అని ఒకావిడ ఉండేది. చెరువు గట్టునే ఆవిడ ఇల్లు. ఆమోసు సీసా పైకి తీసేసరికి బిందె చంకనెత్తుకుని వచ్చి నిలబడేది.

"నీళ్ళు మంచియ్యేనా అన్నయ్యా?"

"మంచియ్యేనమ్మా."

నేను చేరకముందు నుంచీ, మొత్తం ఏడేళ్ళపాటు నెలనెలా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఇంకేమనాలో ఆయనకి తోచేది కాదు. అడిగినావిడ నవ్వి, మజ్జిగ ఇచ్చి పంపేది.

ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు. అప్పుడు బెజవాడలో కాలవ ఉండదు, ఊరి మురుగుంటుంది. ఇళ్ళ మురుగూ ఆసుపత్రుల మురుగూ నేరుగా దాన్లోకే వదిలేవాళ్ళు. శుద్ధి చేసే ఏర్పాటు గురించి ఫైళ్ళు నడుస్తున్నాయని మేం వింటూనే ఉండేవాళ్ళం. రెండు నెలలు ఎండకి ఉడికిన ఆ నల్లటి కుళ్ళునంతా, జూన్‌లో వదిలిన కొత్త నీళ్ళు ముందుకు తోసుకుంటూ సముద్రం వైపు తీసుకుపోతాయి. శివారు ఊళ్ళవాళ్ళు చెరువులు నింపుకునేది ఆ నీళ్ళతోనే. అందుకే ఏటా జూన్‌లో ఇసకపాలెం గొట్టాలు పసుపుగా మారేవి. మా కాగితం బందరు చేరిన వారంలోపు మనిషి వచ్చి చెరువులో బ్లీచింగు పొడి చల్లి వెళ్ళేవాడు.

డెబ్భై అయిదు మార్చిలో పొదుపు ఉత్తర్వు వచ్చింది. శాంపిళ్ళ జాబితాలో చివరి మూడు చోట్లకీ కలిపి 'సముద్రతీర కేంద్రాలు' అని పేరుండేది. సముద్రం నీళ్ళు ఎవరు తాగుతారని పైన ఎవరో అడిగారట. ఒక్క గీతతో మూడూ కొట్టేశారు. ఆ గీత కింద మంచినీళ్ళ చెరువు కూడా పోయిందని ఎవరూ చూడలేదు. నేను చూశాను. మా ఆఫీసరు రామకోటేశ్వరరావుగారికి ఒకసారి చెప్పాను. "రాద్దాంలెండి" అన్నారు. మళ్ళీ అడగలేదు నేను.

జూన్‌లో కొత్త నీళ్ళు వదిలిన వారం ఆమోసు ఆఫీసరుగారి బల్ల ముందు నిలబడ్డాడు.

"ఒక్కసారి ఇసకపాలెం పోయొస్తానండి."

"తెచ్చిన శాంపిలు ఏ నంబరు కింద రాయమంటావయ్యా? ఆ నంబరే లేదు గదా ఇప్పుడు."

"రాయకపోయినా పర్లేదండి. అమ్మగారు పరీక్ష చేస్తే చాలండి."

"రాయనిదానికి పరీక్షెందుకు? పోయి పని చూసుకో ఆమోసూ."

రామకోటేశ్వరరావుగారు చెడ్డవారు కాదు. పైనుంచి వచ్చిన కాగితానికి ఎదురు చెప్పే అలవాటు ఆయనకి లేదు, మాకూ లేదు. ఆమోసు వెళ్ళలేదు.

జూలై మూడో ఆదివారం, చర్చిలో ప్రార్థన అవగానే, ఇంటికి కూడా పోకుండా ఆయన బందరు బస్సెక్కాడు. ఎందుకెళ్ళారని తర్వాత అడిగితే, "ఎవరో పిలిచినట్టయిందండీ" అన్నాడు. అక్కడ జరిగింది నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు.

చెరువు గట్టు మీద మనిషి లేడట. రేవులో ఒక్క బిందె కూడా లేదట. రావమ్మ ఇంటి ముందు నేల మీద సున్నం చల్లి ఉంది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచి, పీట వేసి, లోపలినుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"జీవరత్నం పోయింది అన్నయ్యా" అంది. జీవరత్నం ఆవిడ పెద్ద కూతురు. కాన్పుకని పుట్టింటికొచ్చింది. "పొద్దున మొదలైన వాంతులు, విరేచనాలు సాయంత్రానికి మనిషిని తీసుకుపోయినయ్. కడుపులో బిడ్డా పోయింది. ఊళ్ళో ఇంకో ముగ్గురు."

ఆమోసు గ్లాసు తాగకుండా పీట పక్కన పెట్టాడు.

"మీరు మంచియ్యే అని పోయినా, ఆ తెల్లపొడి చల్లేదాకా మేం కాచుకునే తాగేవాళ్ళం. ఈ ఏడు మీరే రాలేదు. నీళ్ళు బాగుపడ్డయ్, ఇక పరీక్ష అక్కర్లేదేమో అనుకున్నాం. కాచడం మానేశాం."

ఆవిడ గొంతులో కోపం లేదట. జరిగినదాన్ని వరసగా చెప్పుకుంటూ పోయిందట. అదే ఆయన్ని కుంగదీసింది. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణండీ, అన్నాడు నాతో.

"నాకెప్పుడూ తెలీదమ్మా" అన్నాడు ఆయన చివరికి. "సీసా నింపుకుపోవడమే నా పని. మంచియ్యో కావో నాకెవరూ చెప్పలేదు. ఊరికే అనేవాణ్ణి."

రావమ్మ మళ్ళీ అరుగు మీద కూర్చుంది.

"తెలీకపోతే తెలీదనొచ్చుగా అన్నయ్యా" అంది. తర్వాత గ్లాసు వైపు చూసి, "కాచిందే. తాగు" అంది.

ఆయన తాగాడు. ఆ గుటకలు ఇప్పటికీ గొంతులో దిగుతున్నట్టే ఉంటుందని చెప్పాడు.

వచ్చేటప్పుడు, ఎప్పుడూ సంచిలో ఉంచుకునే ఆఫీసు సీసాకి చెరువు నీళ్ళు పట్టి, బందరులో ఐసు కొని, సోమవారం పొద్దున్నే నా బల్ల మీద పెట్టాడు. ఎవరినీ అడక్కుండా నేను పరీక్షకి పెట్టాను. రెండు రోజులూ ఆయన గంటగంటకీ వచ్చి ఆ గొట్టాల ముందు నిలబడ్డాడు. ఏడేళ్ళలో ఆయన వాటిని చూడటం అదే మొదటిసారి. బుధవారానికి అన్నీ పసుపెక్కాయి. ఒక్కటి కూడా మిగల్లేదు.

"ఇదేనాండీ?" అన్నాడు.

"ఇదే ఆమోసుగారూ."

రామకోటేశ్వరరావుగారు దాన్ని రిజిస్టరులో ఎక్కించనివ్వలేదు. ప్రభుత్వపు సీసా సొంతానికి వాడినందుకు ఆమోసుకి మెమో ఇచ్చారు. ఎమర్జెన్సీ రోజులు, ఎవరూ మారు మాట్లాడలేదు. నేను మాత్రం ఫలితాన్ని తెల్లకాగితం మీద రాసి, కింద నా పేరు పెట్టి ఇచ్చాను. ఆయన సెలవు పెట్టి ఆ కాగితంతో బందరు వెళ్ళాడు. అక్కడి శానిటరీ ఇన్‌స్పెక్టరు సీలు లేదని ఒకరోజంతా వరండాలో కూర్చోబెట్టాడు. ఆమోసు కదల్లేదు. ఆఫీసు మూసేవేళకి ఇన్‌స్పెక్టరు పొడి డబ్బా ఇచ్చి పంపాడు. దాన్ని ఆమోసే మోసుకెళ్ళి, ఊరివాళ్ళతో కలిసి చెరువులో చల్లాడు. ఆ తర్వాత ఇసకపాలెంలో ఆ జబ్బుతో ఎవరూ పోలేదు.

కానీ ఆమోసు మారిపోయాడు. వాళ్ళావిడ అమలమ్మ ఒకసారి లాబొరేటరీకి వచ్చి నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కూర బాగుందా అంటే తెలీదంటాడమ్మా. జొరం తగ్గిందా అంటే తెలీదంటాడు. కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి వెలుగుకి పెట్టి చూస్తా కూర్చుంటాడు, తాగడు. గిన్నెలు కడిగే చప్పుడికి ఉలిక్కిపడి, రావమ్మ వచ్చిందా అంటాడు. ఆ రావమ్మ ఎవరమ్మా?"

ఎవరో చెప్పాను. అమలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఆ ఏటి నుంచి జూన్ వస్తే ఆయన సెలవు పెడతాడు. సొంతంగా కొన్న సీసాలు నేను కాచి శుభ్రం చేసిస్తాను. పరీక్ష చేసి చీటీ రాసిస్తాను. ఆయన తిరిగి వెళ్ళి, గట్టు మీద నిలబడి ఊరందరికీ చదివి వినిపిస్తాడు. "మంచియ్యి కావు. కాచుకోండి." అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పడు.

ఇప్పుడు డెబ్భై ఏడు. ఈ జూన్‌లో నేనూ ఆయన వెంట వెళ్ళాను. రావమ్మ నాకు నమస్కారం పెట్టి, నా చేతుల వంక చూసింది. పరీక్ష చేసే చేతులు ఎలా ఉంటాయో చూడాలనుకుందేమో. నేను వాటిని చీర కుచ్చిళ్ళలో దాచుకున్నాను. డెబ్భై అయిదు మార్చిలో ఆఫీసరుగారిని రెండోసారి అడగని మనిషిని నేను. అది ఆవిడకి తెలియదు.

చెరువు దగ్గర పని అయ్యాక ఆమోసు నన్ను సముద్రం దాకా తీసుకెళ్ళాడు. మురుగు కాలవ కలిసేచోట నల్లటి చార ఒకటి నీళ్ళలో చాలా దూరం కనబడుతూనే ఉంది. ఒడ్డున ఇద్దరు జాలర్లు వలకి పట్టిన జిగురుని ఇసకతో రుద్ది తీస్తున్నారు. బెజవాడ వాసన అక్కడుంది. మా వీధి చివర వంతెన మీద వచ్చే వాసనే, ఉప్పు కలిసి. ఆమోసు మోకాలి లోతుకి దిగి, ఊపిరి బిగపట్టి, సీసా నింపాడు.

దాన్ని కూడా పరీక్షకి పెట్టాను. గొట్టాలన్నీ పసుపెక్కాయి. పొడి చల్లడానికి అది చెరువు కాదు. అలవాటు ప్రకారం చీటీ రాసి ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదువుకున్నాడు. దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక, నా బల్ల ముందు అలా నిలబడే ఉన్నాడు.