ఎదురు షెడ్డు కట్టరు

అంబాజీపేటలో కొబ్బరి లారీల ఇంజన్లకు జబ్బు చెప్పేది మెకానిక్ మంగరాజు. వాడేసిన ఆయిల్ ఫిల్టరును హాక్సా బ్లేడుతో కోసి, లోపలి కాగితం మడతలను బొటనవేలితో రాసి చూస్తాడు. ఇనుప రజను మెరిస్తే ఇంజన్ అరుగుతున్నట్టే. ఎదురు షెడ్డు నాగసతీష్ గుండ్రంగా తిప్పి కోసే కట్టరు తెప్పించిన దగ్గర్నుంచి మంగరాజుకు అన్నం సయించడం లేదు.

ఆ రోజు ఓ లారీ ఫిల్టరులో రజను మెరవడం చూసి మంగరాజు "ఇంజన్ విప్పాలి" అనగానే డ్రైవరు అప్పలరాజు నసిగాడు. "సతీష్ గారి కట్టరు రజను రాల్చదంటండీ. ఇది మీ బ్లేడుదేమోనండీ?"

"ఆయ్, అలాగా! అయితే చూడండి," అంటూ మంగరాజు ఉక్రోషంగా కొత్త ఫిల్టరొకటి కోశాడు. అందులోనూ అదే మెరుపు. తలొంచుకుని రోడ్డు దాటి కట్టరు అడిగాడు.

"మీ దగ్గరే ఉంచుకోండి బాబాయ్ గారూ. నాకు కోయడమే వచ్చు, చూసి చెప్పాల్సింది మీరేగా!" అన్నాడు సతీష్.

కట్టరు చేతికొచ్చింది గానీ, అంత తేలిగ్గా ఇచ్చేసిన వాడి మీద మంగరాజు కుళ్లు రెట్టింపైంది.