తంబాకు చెద్దరు కోసం సిరిసిల్ల దాకా

శనివారం సాయంత్రం చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటే ఫోన్ వచ్చింది. "మీ అమ్మాయి పెట్టెలో పొగాకు దొరికింది. రేపు వచ్చి తీసుకెళ్లండి." నా బిడ్డ రజిత సిరిసిల్ల అవతల, ఆడపిల్లలను సైన్యానికి తయారుచేసే కాలేజీ హాస్టల్లో ఉంటుంది. ఆ సీటు కోసం రెండేళ్లు మా ఊరి కంకర రోడ్డు మీద ఉరికింది. ఒక్క ఫోనుతో ఊడగొడతారా?

ఆదివారం పొద్దున ఆరింటికి ముత్యంపేటలో బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే గానీ, ఆధార్ మరిచిపోతే కండక్టరుతో గొడవ తప్పదు. కోరుట్లలో చాయ్ తాగి జగిత్యాల బస్సు పట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దమ్మ ఎక్కడికని అడిగితే అంతా చెప్పాను.

"ఆడపోరికి మిల్ట్రీ ఎందుకే? తోల్కొచ్చుకో, పీడ పోతది."

"నీ బిడ్డనైతే నువ్వు తోల్కొచ్చుకో పెద్దమ్మా. నా బిడ్డ ఆడనే ఉంటది."

ఆమె మూతి తిప్పుకొని కిటికీ వైపు తిరిగింది. నోటికి అంత మాట వచ్చింది గానీ నిజంగానే పంపేస్తారేమోనని నా భయం నాకుంది. జగిత్యాలలో సిరిసిల్ల బస్సు ఎంతకీ రాలేదు. స్టాండులో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లు, ఇంటినుంచి తెచ్చుకోవడమే మేలు.

సిరిసిల్లలో షేర్ ఆటో ఎక్కి హాస్టల్ చేరేసరికి పదకొండు దాటింది. తినేవి లోపలికి రానివ్వరు. రజిత కోసం చేసుకొచ్చిన సర్వపిండి గేటు దగ్గరే ఆగిపోయింది. హాలులో మంచాలన్నీ దారం పట్టినట్టు ఒకే వరస. దుప్పటి మీద ముడత కనిపిస్తే శిక్షట. అందుకని కొందరు పిల్లలు మంచం ముట్టకుండా కిందే పడుకుంటారట! నాకు నవ్వొచ్చింది.

రజిత మంచం పక్కన కట్టెలా నిలబడి ఉంది. వార్డెన్ మేడం పెట్టెలోంచి, కప్పుకోవడానికి నేనిచ్చిన చెద్దరు తీసి దులిపింది. కుట్లలోంచి తంబాకు పొడి రాలింది. ఇంట్లో ఆ చెద్దరు పరుచుకొనే నేను తంబాకు జల్లించేదాన్ని.

"నేను బీడీలు చేస్త మేడం. గా పొడి నాదే. నా బిడ్డ బీడీ తాగలే, బీడీల మీద బతికింది."

"ఇదే కథ ఈమె కూడా చెప్పింది. కథలొద్దు. తప్పయిందని ఈ కాగితం మీద రాసిస్తే ఉంచుకుంటాం. రాయనంటోంది."

ఓ ముక్క గీకి పడేస్తే మంచం దక్కుతుంది. రాయవే అనబోయాను.

"రాయనమ్మా," అంది రజిత. "రాస్తే నువ్వు చేసే పని తప్పన్నట్టే గద."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భయం ఎటు పోయిందో పోయింది. ఆ పెట్టె మీదే కూర్చున్నాను.

"రాయది మేడం. నేను తోల్కపోను. ఏం జేస్తరో చెయ్యిన్రి."

ఎదురు మంచం పిల్ల తన పెట్టె తెరిచింది. చెద్దరు తెచ్చి మేడం ముందే దులిపింది. "మాది కోరుట్ల మేడం. మా అమ్మ గూడ చేస్తది." దాని వెనక ఇంకొకతె, ఆ వెనక మరొకతె. మేడం తుమ్మడం మొదలుపెట్టింది, ఆగితే కదా! చివరికి ముక్కు తుడుచుకుంటూ, "అన్నీ ఉతికి ఎండేయండి. రజితా, నీ పెట్టె మంచం కిందికి తోసుకో," అంది. ఆ ఖాళీ కాగితం తనే మడిచి పట్టుకుపోయింది.

మూడింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ హాలు గోడ మీద రాసిన రూల్సన్నీ వచ్చేముందు చదివాను. ఐదింటికి లేవాలి, బూట్లు తుడవాలి, పెద్దవాళ్లకు సెల్యూట్ కొట్టాలి. నా బిడ్డ అన్నీ చేస్తుంది. అమ్మ పనికి సిగ్గుపడాలని మాత్రం ఎక్కడా లేదు. మీ బిడ్డలను కూడా ధైర్యంగా ఆ కాలేజీలో వెయ్యండి. చెద్దరు మాత్రం ఇంటిదే పంపండి.