మూతలెత్తే ఇంద్రమ్మ

మా అవ్వ ఇంద్రమ్మ ఎవరింటికి వెళ్లినా ముందు గిన్నెల్ని పలకరిస్తుంది, తర్వాతే మనుషుల్ని. మూత ఎత్తి లోపలికి చూశాకే "బాగున్నరా?" అంటుంది. నారాయణఖేడ్‌లో మా గల్లీలో ఆమె చూడని కూర లేదు.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. అంగన్‌వాడీలో తిండి గురించి మీటింగ్ ఉందంటే, చాయ్ ఇస్తారని వెళ్లింది. చాయ్ ఇవ్వలేదు, జ్ఞానం ఇచ్చారు. అప్పట్నుంచి తాత చక్కెర చాయ్ పెరట్లో దాక్కుని తాగుతున్నాడు. నేను బలం కోసం పొడి డబ్బా కొంటానంటే అవ్వ కందుల మూట విప్పింది.

"డబ్బా ఎందుకురా? మన చేన్ల గింత బలం పండుతుంటే!"

ఒక పెళ్లిలో పెళ్లికొడుకు విస్తరిలోకీ తొంగిచూసింది. "లడ్డు సరే బిడ్డా, పప్పేది? ఆకుకూరేది?" పాపం, తాళి కట్టేటప్పుడు కూడా అతను అంత భయపడలేదు.

ఎదురింటి రజిత కడుపుతో ఉంది. భర్త పనికోసం పట్నం పోయాడు. ఒక్కదాని కోసం వండుకోవడానికి మనసు రాక చాయ్, బన్నుతో పూట గడిపేది. రక్తం తక్కువగా ఉందనీ, ఇలాగైతే కాన్పు ప్రమాదమనీ దవాఖానలో చెప్పారు. అయినా అవ్వ వస్తున్న చప్పుడు వినగానే ఉత్త నీళ్లు పొయ్యి మీద పెట్టి మూతేసేది.

ఒకరోజు అవ్వ ఆ మూత ఎత్తింది. రజిత తల వంచుకుంది. తిట్లు వినడానికి నేను గుమ్మంలో సర్దుకుని నిలబడ్డాను.

"నీళ్లు మంచిగ కాగినయ్ పిల్లా," అంది అవ్వ. "మా కోడలు పప్పుల ఉప్పెక్కువ ఏసింది. తెస్త, జర గీ నీళ్లు పోసి సరిజెయ్యి. రొట్టెతోని తిని చెప్పు."

మరునాడు తోటకూర పప్పులో ఉప్పెక్కువ. ఆ తర్వాత మెంతికూర పప్పులో. మా అమ్మ స్వరూపరాణికి వంట రాదని గల్లీ అంతా తేల్చేసింది.

"అత్తమ్మా, నా ఇజ్జత్ తీస్తున్నవ్! ఉప్పు సరిగ్గనే ఉన్నది గదా?"

"ఉంటే ఉండనియ్యే. గా పిల్ల తింటున్నదా, లేదా?"

మరునాటి నుంచి అమ్మ పప్పు గిన్నె పెద్దదైంది.

రజితకు రక్తం పెరిగింది. ఏ ప్రమాదం లేకుండా ఖేడ్ దవాఖానలోనే పండులాంటి ఆడపిల్ల పుట్టింది. మొన్న రజిత ఆ పిల్లను చంకనేసుకుని వచ్చి, ఎవరినీ పలకరించకుండా నేరుగా మా పొయ్యి దగ్గరికి నడిచింది. మూత ఎత్తింది. వేలితో పప్పు రుచి చూసింది.

"స్వరూపక్కా, ఇయ్యాల గూడ ఉప్పెక్కువనే," అంటూ పీట లాక్కుని కూర్చుంది. "జల్దీ రొట్టెలు పెట్టు, సరిజేస్త."