కాగితం మీద లేని స్టేషను

భావనపాడు నుంచి శృంగవరపుకోటకి ఎలా వెళ్లాలో రాస్తున్నాను. మా తమ్ముడు సింహాచలంలాంటి పిల్లలున్న ఇళ్లకి పనికొస్తుంది.

వాడికి పంతొమ్మిదేళ్లు. ఆటిజం అని డాక్టరు చెప్పేదాకా ఊళ్లో ఎర్రోడనేవాళ్లు. రెండేళ్ల కిందట నాన్న సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. వీడికి నిద్ర పట్టడం మానేసింది. పీలిస్తే నిద్రొస్తుందని ఒడ్డున ఎవరో గంజాయి అలవాటు చేశారు. పోయినసారి పెళ్లికని చెప్పి మత్తు మాన్పించే సెంటర్లో దింపాం. గదిలో పెట్టి తాళం వేశారు. మూడో రోజు గోడ దూకి వచ్చేశాడు. తప్పు మాదే. వేటకి బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు, వాళ్లూ చెప్పకూడదు అని మా ఇళ్లల్లో పట్టింపు. అదే వీడి దగ్గరా పాటించాం. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతే వీడికి ఊపిరాడదు.

అందుకే ఈసారి, శృంగవరపుకోటలో మత్తు మాన్పించడానికి కౌన్సెలింగ్ చేసే అక్క ఫోన్లో చెప్పినట్టు, దారంతా కాగితం మీద రాసిచ్చాను.

ఆరింటికి ఆటో. ఉప్పు మడులు దాటి నౌపడ చేరేసరికి ఆరున్నర. టిఫిన్ కట్టుకుని వెళ్లండి. ఏడుంపావుకి పాసింజరు. ఒక్కో స్టేషను దాటగానే వాడు గోటితో కాగితం మీద గీత పెట్టాడు.

పొందూరు రాకముందే బండి పొలాల మధ్య ఆగిపోయింది. పది నిమిషాలు. ఇరవై. మోకాలు గుద్దుకోవడం మొదలెట్టాడు, తర్వాత తల కిటికీకి కొట్టుకున్నాడు. దిగిపోతానన్నాడు. ఇక్కడ దిగితే మళ్లీ బండి ఎక్కనే ఎక్కడని నాకు తెలుసు.

ఎదురుగా వంకాయల బుట్టతో ఒక మామ్మ. "దెయ్యమేటే పట్టినాది?" అంది.

నాకు ఒళ్లు మండింది. దెయ్యం కాదు, కాగితంలో లేని చోట బండి ఆగింది, అదీ వాడి బాధ అని చూపించాను. ఆవిడ కాగితం తలకిందులుగా పట్టుకుని చూసింది.

"నేకపోతే ఇప్పుడు రాసీయే. దానికేటి?"

పెన్ను లేదు. బ్యాగులో ఐబ్రో పెన్సిల్ తీసి వాడికే ఇచ్చాను. పొందూరుకి పైన రాశాడు: వంకాయల మామ్మ. ఆగాం. చదివి వినిపిస్తే ఆవిడ మురిసిపోయి, తన పేరు మీద టేసను ఎలిసినాదని పెట్టెలో అందరికీ చెప్పింది. వాడి చెయ్యి మోకాలి మీద నిలిచింది.

విజయనగరంలో దిగేసరికి పది. కాంప్లెక్సులో కోట బస్సెక్కండి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి ఫ్రీ. పన్నెండు కాకుండానే దిగాం.

అక్క మొదట వాణ్ని తిప్పి తలుపులన్నీ చూపించింది. దేనికీ బయట గడియ లేదు. వరండాలో కూర్చున్నాం. ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చింది. అడక్కుండా వాడే కాగితం ఆవిడ ముందు పెట్టాడు.

"నాన్న ఎల్లినప్పుడు కాయితం నేదు" అన్నాడు.

రెండేళ్లలో నాన్న మాట ఎత్తడం అదే మొదలు. నేను మొహానికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

గంజాయి ఒక్కరోజులో పోదని, మధ్యలో పీల్చినా దాచకుండా రమ్మని, వారానికోసారి చాలని అక్క చెప్పింది. పోతుందని నాకు నమ్మకం కుదిరింది.

హోటల్లో భోంచేసి వెనక్కి బయల్దేరాం. సాయంత్రం బండిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. వాడు తీసుకుని, తిరుగుదారి కాబట్టి కాగితం కింద నుంచి పైకి చదివాడు, వంకాయల మామ్మతో సహా. అమ్మ నాన్నని ఒక్కనాడూ ఎక్కడికని అడగని మనిషి.

"ఇప్పుడెక్కడున్నారురా?" అంది.

"పొందూరు."

"బండి మళ్లీ ఆగిపోతేనో?"

"రాస్తాను" అన్నాడు.