ద్రాక్షతోటలో తొలి విస్తరి

మా కోడలి ఆఫీసులో ఆడవాళ్ళందరినీ రెండు రోజుల పాటు ఊరి బయట ఏదో రిసార్టుకు తీసుకువెళుతున్నారట. దాన్ని రిట్రీట్ అంటారట. ఏర్పాట్లన్నీ తన నెత్తినే పడ్డాయని వారం రోజులుగా ఫోను చెవికి అంటించుకుని తిరుగుతోంది. బస్సు ఎక్కడ ఆగాలి, భోజనంలోకి ఏం పెట్టాలి, యోగా నేర్పే ఆవిడ వస్తుందా రాదా అని ఒకటే హైరానా. నిన్న కొత్తగూడ ఫ్లైఓవరు కనిపించే మా బాల్కనీలో కూర్చుని బీరకాయల చెక్కు తీస్తూ ఆ మాటలు వింటుంటే నాకు నవ్వొచ్చింది. ఈ అవస్థంతా నేనూ పడ్డాను, అదీ ఇక్కడే, ఈ స్తంభాలు దిగబడిన నేలకు కాస్త అటో ఇటో, ఇదంతా ద్రాక్షతోటలూ బండరాళ్ళూ సీతాఫలం పొదలుగా ఉన్న రోజుల్లో.

మన వయసు వాళ్ళకు తప్ప ఇంకెవరికి చెప్పినా నమ్మరు గానీ, డెబ్భైలలో ఇటువైపు రావాలంటే సాయంత్రం లోపల తిరిగి వెళ్ళిపోయేలా చూసుకునేవాళ్ళం. లింగంపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో మా వారికి ఉద్యోగం రావడంతో గోదావరి ఒడ్డునుంచి వచ్చి కంపెనీ క్వార్టర్లో కాపురం పెట్టాం. మాతో పాటు మా అత్తగారూ, చదువుకుంటున్న మరిదీ ఉండేవారు. అత్తగారు చెడ్డ మనిషి కాదు, కానీ నోటినుంచి మాట రాలాలంటే గగనం. ఆవిడ మౌనానికి అర్థం వెతుక్కోవడంతోనే నాకు సగం రోజు గడిచిపోయేది.

ఆ ఏడాది నాకు ఏడో నెలలో కాన్పయి, బిడ్డ దక్కలేదు. దవాఖానానుంచి ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వారు ఎత్తలేదు, చుట్టుపక్కల వాళ్ళు ఎత్తలేదు, అత్తగారు అసలే ఎత్తలేదు. ఎత్తితే నేనెక్కడ ఏడుస్తానోనని వాళ్ళ భయం కాబోలు, నాకేమో ఏడుపే రాలేదు. వంట చేస్తున్నాను, బట్టలు ఆరేస్తున్నాను, అడిగినదానికి జవాబు చెబుతున్నాను, అంతే. అత్తగారికి నా మీద కోపం వచ్చిందనీ, వాళ్ళ వంశాంకురాన్ని నిలుపుకోలేకపోయాననే ఆ మౌనమనీ నాలో నేనే తీర్మానించుకున్నాను.

అప్పుడు నన్ను చెయ్యి పట్టి బయటికి లాగింది పక్క క్వార్టరు అక్క. దగ్గర్లోని నల్లగండ్ల ఊరి ఆడపడుచు, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మనసు. వాళ్ళ మేనమామకు కొత్తగూడ దగ్గర ద్రాక్షతోట ఉండేది. కాలనీలో ఆడవాళ్ళనందరినీ అక్కడికి తీసుకుపోయి రెండు రోజులు ఊరికే పడుకోబెట్టాలని ఆవిడకు ఒక కోరిక. దానికి ఆవిడ పెట్టిన పేరు ఆరాం. ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, “ఏంది చెల్లె, గిట్ల గోడలు జూసుకుంట ఎన్నొద్దులు కూసుంటవ్? జర నాతోని నడువు, నాకు తోడు గావాలె” అంది. అడిగినట్టు లేదు, ఆజ్ఞాపించినట్టే ఉంది. నేను చెప్పులు వేసుకుని వెంట నడిచాను.

ఆ నడక నాకు మందులా పనిచేసింది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను ఒప్పించడం, మగవాళ్ళకు నచ్చజెప్పడం, జంపఖానాలూ గుండిగలూ పోగుచేయడం, ఇలా పొద్దస్తమానం పనే. పొద్దున్నే కాఫీ ఎవరు పెడతారని ఒక పెద్దమనిషి నిలదీస్తే, ఫికర్ వద్దన్నా, కాంటీన్ ఉన్నది కదా అని అక్క నవ్వుతూనే ఆయన నోరు మూయించింది. మా అత్తగారిని అడగడానికి మాత్రం నాకు గుండె చాల్లేదు, అక్కే అడిగింది. ఆవిడ అక్కడ మజ్జిగకు కుండ ఉందా అని మాత్రం అడిగారు. ఉందన్నాక చీర మడతపెట్టి సంచీలో పెట్టుకున్నారు.

చలికాలం. ట్రాక్టరు తొట్టెలో గడ్డి పరుచుకుని, గతుకులకు ఒకరి మీద ఒకరు పడుతూ, నవ్వుతూ వెళ్ళాం. అందరం కలిసి వంట చేసి, ద్రాక్షపందిళ్ళ నీడలో వరసగా విస్తళ్ళు వేశాం. అన్నం, పప్పు, గుత్తివంకాయ, అక్క చేసిన పచ్చిపులుసు. అంతవరకూ బాగానే ఉంది. విస్తళ్ళు పరిచాక చూస్తే వడ్డించడానికి అందరూ ఉన్నారు, కూర్చోవడానికి ఒక్కరూ లేరు.

మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఒకటే మర్యాదలు. అందరూ కొంగు నడుముకు దోపుకుని గరిటె కోసం చెయ్యి చాపేవాళ్ళే. మొదటి పంక్తి ఎప్పుడూ మగవాళ్ళది, తరువాత పిల్లలది, చివర గిన్నెల అడుగున మిగిలింది మనది. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ అదే అలవాటు. మగవాళ్ళు లేనిచోట భోజనం ఎలా మొదలుపెట్టాలో మాలో ఎవరికీ తెలియదు. ఏర్పాట్లన్నీ అంత జాగ్రత్తగా చేసిన మాకు ఇదొక్కటీ తట్టలేదు. చివరికి ఇద్దరు పెద్దావిడలు మోటారు కొట్టం దగ్గర సద్ది విప్పుకుంటున్న ట్రాక్టరు డ్రైవరునూ, తోట కావలి తాతనూ పిలుచుకొచ్చి, మీరు కానిస్తే మేం తింటామన్నారు. ఆ ఇద్దరూ చేతులు కడుక్కుని బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు.

అది చూసి అక్క ముఖం వాడిపోయింది. “రెండు దినాలు ఆరాంగ తిందామని గింత దూరమొస్తిమి. ఈడ గూడ మొగోళ్ళను దేవులాడి తెచ్చి కూసోబెడ్తరా?” అని అక్కడే బండమీద కూలబడింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి. మనకివన్నీ ఎందుకులే, సాయంత్రానికి ఇళ్ళకు పోదామని గుసగుసలు కూడా మొదలయ్యాయి. నన్ను నలుగురిలో పడేసిన ఆ రెండు వారాల పనీ అలా బూడిదలో పోసిన పన్నీరవుతుంటే గరిటె పట్టుకుని చూస్తున్నాను.

అప్పుడు మజ్జిగకుండ దగ్గరనుంచి మా అత్తగారు లేచి వచ్చారు. నా చేతిలో గరిటె తీసుకుని, నా భుజం పట్టి మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టారు. నేను కంగారుగా లేవబోతే, “కూర్చో అమ్మాయ్, లేవకు” అన్నారు. పెద్దవాళ్ళుండగా చిన్నపిల్లకు ముందు పెట్టడమేమిటండీ అని ఎవరో అన్నారు.

“బాలింతండీ” అన్నారు అత్తగారు. “పురుడయ్యి రెండు నెలలైనా కాలేదు. బిడ్డ దక్కలేదు గానీ, పురుడు పురుడే కదా. బాలింతకి ముందు పెట్టి, తరవాతే ఎవరైనా తింటారు.”

ఆ మాట నన్ను ఎవరూ అనలేదు అంతవరకు. అలా అయిందట పాపం అన్నారు, ప్రాప్తం లేదన్నారు, మళ్ళీ పుడతారులే అన్నారు, నేనొక బిడ్డను కన్నానని మాత్రం ఎవరూ అనలేదు. అత్తగారు అన్నం వడ్డించి, నెయ్యి వేసి, పప్పు పోశారు. ఆ విస్తరి మీదికి వంగి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు.

కాసేపటికి నా పక్కన ఎవరో కూర్చున్న అలికిడయింది. కాలనీలో అందరూ గయ్యాళి అని తప్పించుకు తిరిగే ఆవిడ. తనకూ ఒకడు పోయాడని నా చెవిలో చెప్పి విస్తరి ముందుకు జరుపుకుంది. తరువాత ఇంకొకావిడ, ఆ తరువాత మరొకావిడ, ఏమీ చెప్పకుండానే వచ్చి కూర్చున్నారు. అంతమంది ఉన్నారని ఎవరికి తెలుసు? ఆఖరికి అత్తగారు గరిటె అక్క చేతికిచ్చి నాకు ఎడమపక్కన కూర్చున్నారు. అన్నం కలుపుకుంటూ, మీ ఆయనకు ముందు ఇద్దరు పోయారు అన్నారు. మర్నాడే పొయ్యి దగ్గరికి వెళ్ళాననీ, తనకు ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల నాకు ఏం చెప్పాలో తెలియలేదనీ అన్నారు. ఆవిడ నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు.

మిగతా పంక్తి నిండడానికి ఇక ఎంతోసేపు పట్టలేదు. డ్రైవరుకూ తాతకూ విస్తళ్ళు కొట్టం దగ్గరికే పంపించేశాం. ఆ మధ్యాహ్నం పందిళ్ళ కింద ఆడవాళ్ళందరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. తోట అమ్మేసేదాకా మరో మూడు నాలుగేళ్ళు అలాగే వెళ్ళాం, ఏటా ఎవరో ఒకరిని తొలి విస్తరి ముందు కూర్చోబెట్టుకున్నాం. ఆ తరువాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. అత్తగారు పోయేదాకా మా ఇంట్లో నా కంచమే ముందు వడ్డించేది. ఎవరికో విశ్రాంతి ఇద్దామని గుండిగలు మోసినదానికి నాకింత ముట్టింది. ఆ అక్క రుణం ఈ జన్మలో తీరేది కాదు.

మా కోడలు వెళ్ళే రిసార్టులో బఫే అట. ఎవరి పళ్ళెం వాళ్ళు తీసుకుని, ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు తింటారట. మంచిదే, ఆడవాళ్ళు అడుగూబొడుగూ తినే రోజులు పోవాలనే కదా మనమూ కోరుకున్నది. కాకపోతే ఎవరు తింటున్నారో ఎవరు తినలేకపోతున్నారో చూసి, భుజం పట్టి కూర్చోబెట్టే మనిషి ఆ వరసలో ఎక్కడ నిలబడుతుందా అనిపిస్తుంది. నిన్న ఫోను పెట్టేశాక, అందరూ తింటున్నారో లేదో ఒక కంట చూడవే అని చెప్పాను. సరే అత్తయ్యా అంది, ఎందుకో అడగలేదు.

అక్క వెళ్ళిపోయింది, అత్తగారు వెళ్ళిపోయారు, నా పక్కన వచ్చి కూర్చున్నవాళ్ళూ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఆరోజు అందరికన్నా ముందు కూర్చున్నదాన్ని, ఇప్పుడు ఆ పంక్తిలో నేనొక్కదాన్నే మిగిలాను.