రంగం ప్రయాణానికి తోడు కట్టుకున్న వైనం

మా ఊరి నుంచి సముద్రం దాటి రంగం, అదే రంగూను, పోయినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదు గానీ, పోతున్నానంటే ఎవరూ నమ్మనివాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. తెల్లదొరల సీమలో యుద్ధం మొదలయ్యాక మా నాపరాళ్ళు ఎక్కించడానికి రైలు వ్యాగన్లు దొరక్క, గనిలో పని వారానికి రెండు రోజులకు దిగింది. రంగంలో మేడల్లో బండలు పరవడానికి చెయ్యి తిరిగినవాళ్ళు కావాలనీ, ఇక్కడి కూలికి రెట్టింపు ఇస్తారనీ గురజాల మేస్త్రీ ఒకడు చెబితే సరేనన్నాను. నిజం చెప్పాలంటే కూలి ఒక్కటే కాదు. నా భార్య పోయి రెండేళ్ళు కావస్తోంది. పిల్లల్లేరు. పగలంతా నలుగుర్నీ ఆటపట్టించి, సందేళ ఇంటికొచ్చి తలుపు తీస్తే నా దగ్గు నాకే తిరిగొచ్చి వినపడేది. అట్లాంటి ఇంటికన్నా సముద్రం నయమనిపించింది. మీలో ఎవరన్నా ఇట్లాంటి ప్రయాణం పెట్టుకుంటే ఏ సామాను కట్టాలో, ఏది వదలాలో తెలుస్తుందని ఇది రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగం. తప్పులుంటే సర్దుకోండి.

డెక్కు మీద పోయేవాడికి ఒక ట్రంకు పెట్టె, ఒక పడక చుట్ట, చేత్తో మోసుకునే మూట, అంతకు మించి పనికిరాదని మేస్త్రీ ముందే చెప్పాడు. ఉలీ సుత్తీ పెట్టెలో అడుగున వేశాను, అవి లేకపోతే నేను లేను. గొంగడి, రెండు పంచెలు, సత్తు గిన్నె, చెంబు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఒక జాడీ గోంగూర పచ్చడి. జాడీ మూతికి గుడ్డ కట్టి పైన మైనం పోశాను, మీరూ అట్లాగే చెయ్యండి. ఇక మిగిలిన సామాను ఎవరికన్నా ఇచ్చిపోదామంటే, తీసుకునేవాడు ఏడీ? ఊళ్ళో ఎవరికి ఏ మూతపెట్టిన గిన్నె ఇచ్చినా అందులో కప్పో తొండో ఉంటుందని నాకు పేరు. కత్తిపీట పట్టుకుని పక్కింటి మరియమ్మ పిన్ని దగ్గరకు పోతే, అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద పెట్టి, కాలితో నెట్టి చూసింది.

"ఏంది పిన్నీ, కరుస్తదా?"

"నువ్విచ్చింది ఏదైనా కరుస్తది. నువ్వు యాడికీ పోవు, రేపు సందేళ గోడ దూకి వచ్చి నా కత్తిపీట ఎవరెత్తుకుపోయారని గోలజేస్తావు."

అట్లా పెద్దబిందె మిగిలింది, నులకమంచం మిగిలింది, తిరగలి మిగిలింది. తిరగలి నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తెల్లరాయి, మా గనిది కాదు. రంగం తీసుకుపోదామా అని ఎత్తి చూశాను కూడా. అది ఎక్కితే పెట్టెలో ఇంకేదీ పట్టదు. అక్కడ జొన్నలెక్కడివి, విసిరేదెవరు అనుకుని మళ్ళీ మూలన దించాను.

ఒక్కటి మాత్రం తప్పకుండా తీసుకుపోవాలని పట్టుబట్టాను. తోడు. పొద్దున సంగటిలో ఇంత మజ్జిగ పడకపోతే నాకు రోజు మొదలుకాదు. రంగంలో పాలు దొరుకుతాయి గానీ మన పెరుగు దొరకదని మేస్త్రీ చెప్పాడు. మా ఇంట్లో తోడు ఆగిపోయి రెండేళ్ళయింది, మరియమ్మ పిన్ని ఇంటి నుంచే తెచ్చుకుంటున్నాను. ప్రయాణం ముందు రోజు దీపాల వేళకి పోయి అడిగితే, "దీపం పెట్టాక తోడు ఇస్తారంట్రా ఎవరన్నా? తెల్లారి రా," అంది. ఆమె ఆదివారం ఏసు గుడికి పోయే మనిషే, అయినా ఆ పట్టింపు మాత్రం మా అందరిదీ ఒకటే.

అక్కణ్ణుంచి బండి సాంబయ్య బాబాయి దగ్గరికి పోయాను. మా ఊరి నుంచి గురజాల స్టేషను మూడు కోసులు, బండికి ముప్పావలా. "బాబాయ్, కోడి కూయగానే బండి కట్టు. నాతో తోడుంది. కుదుపు పనికిరాదు, మెల్లగా తోలాలి," అన్నాను. నేను చెప్పింది పెరుగు ముంత సంగతి. సాంబయ్య చుట్ట నోట్లోంచి తీసి, నన్ను కిందనుంచి పైదాకా చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్నో నెలరా?"

అప్పుడు అర్థమైంది, తోడంటే ఆయన ఆడమనిషి అనుకున్నాడని. ఆ క్షణంలో మంచివాడైతే ఏం చేసేవాడో నాకు తెలియదు, నేను మాత్రం మొహం దించుకుని, "అయ్యన్నీ నీకెందుకు బాబాయ్, గడ్డి దండిగా పరిపించు," అన్నాను. గడ్డి కోసం ఆయన పొరుగూరు పోయాడు. గడ్డి తెచ్చాడు, ఈ కబురు అక్కడ దించి వచ్చాడు. ఆ పొరుగూళ్ళోనే మా ఆదెమ్మ వదిన, నా భార్యకి అక్క, ఉంటుంది. ఈ భూమ్మీద నాకు చుట్టమని చెప్పుకునేందుకు మిగిలింది ఆమె ఒక్కతే. ఆ సంగతి నాకు ఆ రాత్రి తట్టలేదు.

తెల్లారేసరికి నా గుమ్మం ముందు తిరణాల. రంగం పోతున్నానని వారం నుంచి చెబుతుంటే ఒక్కడు రాలేదు, కోటయ్యగాడు, అంటే నేను, ఎవర్నో లేవదీసుకుపోతున్నాడంటే మాత్రం చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. "ఏదిరా మనిషి?" "ఏ ఊరిదిరా?" "మాచర్లదంట!" అని వాళ్ళలో వాళ్ళే ఊరు కూడా ఇచ్చేశారు. మరియమ్మ పిన్ని ముంత నా చేతిలో పెట్టి, అందర్నీ చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. నేను ముంతకి నా భార్య పాతచీర ముక్క ఒకటి వాసెన కట్టి, లోపల పెట్టి, గుమ్మంలో నిలబడి లోపలికి కేకేశాను. "రావే, సిగ్గెందుకు? అందరూ మనవాళ్ళే!"

జనం పగలబడి నవ్వారు. కేక బయటికి వచ్చాకే నాకు తట్టింది. ఆ ఇంట్లో మనిషిని పిలిచి రెండేళ్ళయింది. లోపల ఏమీ కదల్లేదు. ఆ సరికే నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయినయ్. తిరిగి చూస్తే ఆదెమ్మ వదిన. తెల్లవారుజామున బయల్దేరి నడిచొచ్చినట్టుంది, మోకాళ్ళదాకా దుమ్ము.

"మా చెల్లెలు పోయి రెండేళ్ళన్నా తిరగలేదు మరిదీ."

"వదినా, అది కాదు..."

"నిన్ను నేనేమీ అడగటానికి రాలేదు. దాని తిరగలి ఇంకోదాని చేతికి పోనివ్వను, అంతే." లోపలికి పోయి, తిరగలి పైరాయి ఎత్తి, కొంగు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. "కిందరాయి మోయలేను. దాన్ని నీ రంగందానికే వాయనమియ్యి." జనం దారి ఇచ్చారు, ఆమె వెళ్ళిపోయింది. నేను ముంత పట్టుకొచ్చి "ఇదిగో నా తోడు, పెరుగు తోడు!" అని అందరికీ చూపించాను. మళ్ళీ నవ్వారు, తిట్టారు, ఒకడు వీపు మీద గుద్దాడు. చూడవలసిన ఒక్క మనిషీ అప్పటికే మలుపు తిరిగింది.

బండిలో సామాను పడేసి సాంబయ్యని తొందరపెట్టాను. "ముంత ఒలుకుద్దిరా," అన్నాడు. "ఒలకనీ," అన్నాను. కోసెడు దూరం పోయాక, రెండువైపులా మిరపచేల మధ్య, నెత్తిన రాయితో వదిన కనపడింది. బండి పక్కన ఆపి, "ఎక్కు వదినా," అంటే తల తిప్పలేదు. తిప్పలేదా, తిప్పలేకపోయిందా, నెత్తిన రాయి అట్లాంటిది. నేను దిగి ఆమె ముందు నిలబడి ముంత చాపాను.

"నేను తోడు అన్నది దీన్నే. మనిషి లేదు. ఎవరూ లేరు."

"ముంతలో ఏం పెట్టావు, కప్పనా?"

"సాంబయ్య బాబాయ్, చెప్పవయ్యా!"

"నేను చెప్పనమ్మా. నిన్న చెప్పే ఈడిదాకా తెచ్చుకున్నా," అన్నాడు బండిలోంచి.

నవ్వించే మాట ఒక్కటి కూడా నాకు రాలేదు. ఊరికే అట్లా పట్టుకుని నిలబడ్డాను. ఆమె వాసెన కింద వేలు దూర్చి, నాలుక మీద వేసుకుంది.

"పులిసింది. ఎవరింటిది?"

"మరియమ్మ పిన్నిది. రెండేళ్ళ నుంచీ ఆమె ఇంటిదే."

"రెండేళ్ళ నుంచి పక్కింటి తోడా," అంది, మెల్లగా. "నేను ఇంత దగ్గర్లో ఉండి. అది లేని ఇల్లు చూడలేక నేను రాలేదు. నువ్వు ఎందుకు రాలేదు?"

ఆమె నెత్తి మీది రాయి దించి బండిలో పెట్టాను, ఆమె ఎక్కి కూర్చుంది. కాసేపటికి తానే ముంత లాక్కుంది. "సముద్రం మీద ముంత నిలుస్తదా, బుద్ధి లేకపోతే సరి." వాసెన గుడ్డ విప్పి, పెరుగులో ముంచి, పిండకుండా బండి ఊచకి ఆరేసింది. అది చెల్లెలి చీర ముక్కని గుర్తుపట్టిందని ఆమె వేళ్ళు ఆగిన తీరులో తెలిసింది. గురజాల చేరేలోపు ఎండకి గుడ్డ అప్పడంలాగా బిరుసెక్కింది. మడిచి నా చేతికిచ్చి, "గోరువెచ్చని పాలల్లో ఇంత ముక్క వేసి పడుకో. తోడుకోకపోతే ఇంకో ముక్క వెయ్యి," అంది. సాంబయ్య ఊరికి తిరిగిపోయాక మా ఇంట్లోని కిందరాయి కూడా తెచ్చి ఆమె ఇంట్లో దించేట్టు ఒప్పుకున్నాం.

మాచర్ల నుంచి వచ్చే పొద్దుటి రైలుబండి గురజాలలో ఎక్కువసేపు నిలవదు, సామాను ముందే కిటికీ దగ్గరకు చేర్చుకోవాలి. నేను ఎక్కాక వదిన కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. బండి కదిలేముందు, ఎవరికీ వినపడకుండా, "అక్కడ నిజంగా ఎవరన్నా కనపడితే తెచ్చుకో మరిదీ. ఒక్కడివే ఉండమాక," అంది. నేను తల ఊపాను.

ఆ తర్వాత దారి సులువే. పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరి, అక్కడ బండి మారి బెజవాడ, బెజవాడలో పెద్దబండి ఎక్కి సామర్లకోట, అక్కణ్ణుంచి కాకినాడ. బెజవాడ స్టేషన్ బయట పూటకూళ్ళింట్లో రెండణాలకి కడుపునిండా పెడతారు, మజ్జిగ మాత్రం నీళ్ళు. కాకినాడలో స్టీమరు ఒడ్డుకి రాదు, దూరంగా నిలబడుతుంది. పడవల్లో పోయి నిచ్చెన ఎక్కాలి. మూట ఒక చేత, ముంత ఒక చేత పట్టుకుని నేను ఎక్కబోతుంటే అల కొట్టింది, ముంత నీళ్ళలో పడింది. పడవవాడు దాన్ని చూసి, "పోనీలే బాబూ, తెల్లారేసరికి సముద్రం పెరుగవుద్ది," అన్నాడు. ఎన్నాళ్ళకో నాకంటే మంచి మాట ఒకడి నోట విన్నాను. నవ్వాను. పక్కకు తిరిగి చూస్తే, ఆ నవ్వు పంచుకునేందుకు తెలిసిన మొహం ఒక్కటి లేదు.

డెక్కు మీద ఎవరి చాప వాళ్ళది. మూడోరోజు ఒక అరవాయన చెప్పులు దాచి చూశాను. ఆయన నవ్వలేదు, దొంగని పట్టినట్టు పట్టుకున్నాడు. అప్పటికి తెలిసింది నాకు, ఆటపట్టించడానికి కూడా మనల్ని ఎరిగినవాళ్ళు ఉండాలని. మా ఊళ్ళో నన్ను నమ్మకపోవడం కూడా నన్ను ఎరిగుండటమే. ఇక్కడ రంగంలో నేను ఏం చెప్పినా నమ్ముతారు. మొన్న మా ఊళ్ళో నాకు ఏనుగుందంటే సరేనన్నారు. గుడ్డముక్క వేస్తే పాలు మొదటిరాత్రి తోడుకోలేదు, రెండోసారి తోడుకున్నాయి. కాస్త జారుగా, కాస్త తియ్యగా, మన పెరుగులాగానే. పొద్దున ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. వదిన చెప్పిన మనిషి ఇంకా కనపడలేదు. వెతుకుతున్నానా అంటే, అదీ చెప్పలేను. కానీ ఆ మాట చెప్పడానికి ఆమెకి ఎంత కష్టమై ఉంటుందో సాయంత్రాలు పాలు కాచేటప్పుడు గుర్తొస్తుంది.

రంగం వచ్చేవాళ్ళకి ఒక్క సలహా. తిరగలీ బిందే వదిలెయ్యండి, ముంతతో పెరుగు మొయ్యకండి. తోడు ముంచి ఎండబెట్టిన గుడ్డలు రెండు, ఒకటి పెట్టెలో ఒకటి మొలలో, పెట్టుకోండి. ఆ గుడ్డ మాత్రం మీవాళ్ళెవరి చేతనైనా ముంచి ఆరేయించుకోండి, ఆ వంకనైనా బయల్దేరేముందు ఒకసారి వాళ్ళ గడప తొక్కుతారు.