ఏసోబు బాపు నడవని సగం

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. నా ట్రాలీ ఆటో ఇంజను మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చల్లారిన ఇంజను కాదు, అప్పుడే ఆపిన ఇంజను. దేవరుప్పులలో నన్ను ఎరిగినవాళ్లెవరైనా మీకు కలిసి, "వాడు చెప్పినదాంట్లో మూడు వంతులు పారబోసి మిగిలింది వడగట్టుకోవాలె" అంటే నమ్మకండి. ఒకప్పుడు మా చెరువు గట్టు మీద ఉడుము తోక పట్టుకొని తాటిచెట్టు ఎక్కానని చెప్పిన మాట వాస్తవమే. అది వేరే ముచ్చట. ఇది అట్లాంటిది కాదు.

పొద్దున మహబూబాబాద్ మార్కెట్లో లోడు దించుతుంటే ఒక బస్తా మూతి ఊడింది. ఎండుమిరప ఘాటు ఒక్కసారిగా ముక్కుల్లోకి కొట్టింది. ఏడు తుమ్ములు తుమ్మాను. ఎనిమిదోదానికి కళ్లలో నీళ్లు తిరిగి మార్కెట్ మసకబారింది, దాని స్థానంలో రేగొండ అవతలి గాలిమోటరు బాట కనిపించింది. గాలిమోటరంటే మా పెద్దవాళ్ల మాటలో విమానం. పెద్ద యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి పరిచిన సిమెంటు బాట అది. తర్వాత కొన్నాళ్లు వైమానిక దళం వాడుకొని వదిలేసింది. ఇప్పుడు పగుళ్లలో గడ్డి మొలిచింది. చుట్టుపక్కల రైతులు దాని మీద మిరపకాయలు, మక్కలు ఎండబోస్తారు. అంతకంటే మంచి కల్లం మూడు జిల్లాల్లోనూ లేదు. ఆ ఘాటుతోపాటే, చెప్పులు విప్పి ఆ సిమెంటు మీద నడిచిన ఏసోబు బాపు కూడా వచ్చాడు. ఆయన ఇప్పుడు లేడు. మీరు ఆయన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతాను.

ఆయనది రేగొండ. కుర్రతనంలో వైమానిక దళంలో చేరి విమానాల చక్రాలూ బ్రేకులూ బాగుచేసే పని చేశాడు. రిటైరై వచ్చి జనగామలో ఇంజన్లు బాగుచేసే రేకుల షెడ్డు పెట్టాడు. నాకు చుట్టం కాదు, కులం కాదు. నేను గుడికి పోయే రోజున ఆయన చర్చికి పోయేవాడు కూడా కాదు, ఎందుకంటే నేను ఏ రోజూ గుడికి పోను. ఆయనకు అరవై దాటాక, నాకు ముప్పై వచ్చాక, ఆటో చెడిపోయి ఆ షెడ్డుకు తీసుకెళ్లాను. ఊరికే చెడిపోయిందని చెబితే మన మర్యాద ఏముంటుంది? అందుకని ముందురోజు జనగామ దిగుడులో నా ఆటో మూడు చక్రాలూ భూమిని వదిలి బస్సు మీదుగా దాటిందని చెప్పాను. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఏసోబు బాపు నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అడిగాడు.

"ఎంత ఎత్తు లేసింది?"

"రెండు మనుషులెత్తు బాపు."

"గాలి ఎటుకెల్లి కొడుతుండె?"

నన్ను అంతవరకు ఎవరూ గాలి సంగతి అడగలేదు. "ఎదురుగాలి," అన్నాను.

"ఎదురుగాలైతే లేసుడు సులువే. దిగినప్పుడు ముందటి చక్రం తాకిందా, ఎనుకయా?"

"ఎనుకయే."

"గట్లనే దిగాలె. ముందటిది తాకితే మెడ ఇరుగుతది." వంగి చక్రం దగ్గర ఏదో చూసి లేచాడు. "మల్ల లేపేటప్పుడు జర బ్రేకు ఏయించుకొని పో కొడుకా. నీ బండికి బ్రేకే లేదు."

ఆ రోజు నుంచి కిరాయి లేనప్పుడల్లా ఆ షెడ్డులోనే కూర్చునేవాణ్ణి. నా ముచ్చట్లను అంత శ్రద్ధగా విన్నవాడు ఇంకొకడు దొరకలేదు. వింటూనే నా చేతికి స్పానరు ఇచ్చేవాడు. షెడ్డులో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఏ బండికి ఏం చేశారో, ఎవరు చేశారో రాసి సంతకం పెట్టాలి. ఒకసారి ట్రాక్టరు చక్రానికి నట్లు బిగించి పెన్ను అందుకున్నాను.

"అన్నీ బిగిచ్చినవా?"

"బిగిచ్చిన బాపు."

"ఒక్కొక్కదాన్ని చెయ్యితోని ముట్టి చూసినవా?"

నేను టోపీ సర్దుకున్నాను. ఆయన పెన్ను నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. "ముట్టనిదానికి సంతకం పెట్టకు. ఇమానం కాడ అయినా, ట్రాక్టరు కాడ అయినా గంతే."

ఇంత మంచి మనిషికి ఇంత చప్పిడి బుద్ధి ఎట్లా వచ్చిందా అని అప్పట్లో జాలిపడేవాణ్ణి.

ఆయనకు ఒక్కటే వ్యసనం ఉండేది. ఆదివారం ప్రార్థన అయ్యాక నా ఆటో ముందు సీట్లో ఇరుక్కొని కూర్చుని, పాడుబడ్డ విమానాల బాటలు చూడటానికి పోదామనేవాడు. యుద్ధం రోజుల్లో పరిచి వదిలేసినవి ఆయనకు చాలా తెలుసు. ఒకదాని మీద మేకల మంద పడుకొని ఉండేది. ఒకదాని మీద కొత్తగా పెళ్లయినవాళ్లు కారు నేర్చుకుంటూ పోట్లాడుకునేవారు. ఇంకొకటి సగం చెరువులో మునిగి ఉంది, దాని మీద కొంగలు దిగుతుంటే ఆయన ముచ్చటగా చూశాడు. ప్రతిచోటా ఆయన మోకాళ్ల మీద వంగి, గడ్డి పక్కకు నెట్టి, సిమెంటులో పాతిన ఇనుప కడియం కోసం వెతికేవాడు. గాలివానకు విమానం కొట్టుకుపోకుండా కట్టేసేవి అవి. దొరికితే బర్రె మెడ నిమిరినట్టు దాన్ని నిమిరేవాడు. రెక్క కింది నీడలో అందరూ వరసగా పడుకొని, నీడ జరిగినకొద్దీ వాళ్లూ జరుగుతూ మధ్యాహ్నమంతా గడిపిన సంగతి చెప్పేవాడు.

ఒకచోట కావలి ముసలాయన లోపలికి పోనివ్వలేదు. "ఈయన ఎవరనుకున్నవ్? యుద్ధంల పెద్దాఫీసరు," అన్నాను. ముసలాయన గబగబా లేచి కుర్చీ దులిపి చాయ్ తెమ్మని కేకేశాడు. ఏసోబు బాపు చేతులు జోడించి, "ఆఫీసరును కాదన్నా, కార్పొరల్‌ను. చక్రాలు తుడిచేటోన్ని," అన్నాడు. చాయ్ రాలేదు. కానీ ముసలాయన నవ్వి గేటు తెరిచాడు. దారిలో నేను చాయ్ గురించి సణుగుతుంటే, "నీ చాయ్ నేను తాపిస్తగాని, నాకు లేని పట్టీ నా భుజం మీద కుట్టకు," అన్నాడు.

ఒక్క విషయం నాకు అంతుపట్టేది కాదు. సొంత ఊరి పక్కనున్న రేగొండ బాటకు మాత్రం పోదామనేవాడు కాదు. గంగారం మీదుగా రేగొండకు పోయే దారి చీలే చోటికి వచ్చినప్పుడల్లా అటు చూసేవాడు. "పోదామా?" అంటే "ఇంకోపారి," అనేవాడు. నాలుగోసారి నాకు ఓపిక చాలక, సరిగ్గా ఆ చీలిక దగ్గర ఆటో ఆపేశాను.

"డీజిలు అయిపోయింది బాపు."

ఆయన వేలితో ట్యాంకును రెండుసార్లు తట్టి చెవి పెట్టాడు. "సగం ఉన్నది." ఇక అక్కడే కూర్చొని చెప్పాడు.

నౌకరిలో ఒక వానాకాలం ఆయన్ని రేగొండ బాట మీదే వేశారు. ఎనిమిదిమంది. విమానం వచ్చే ముందు అందరూ వరసగా నిలబడి, తలలు దించుకొని, బాట ఈ చివర నుంచి ఆ చివర దాకా రాళ్లు ఏరుతూ నడవాలి. వేలెడు రాయి చాలు, చక్రం పేలడానికి. ఆ వారం ఆరుగురు చలిజ్వరంతో పడుకున్నారు. మిగిలింది ఏసోబు, గంగారం దగ్గరి తండా నుంచి వచ్చిన బద్రు. బాటను చెరి సగం పంచుకున్నారు. ఆ ముందురోజు సాయంత్రమే రేగొండ నుంచి కబురు వచ్చింది, ఏసోబుకు ఆడపిల్ల పుట్టిందని. "తెల్లారేవరకు వస్త," అని బద్రుతో చెప్పి పోయాడు. వచ్చేటప్పుడు వాగు పొంగింది. వాగు తగ్గేసరికి పొద్దెక్కింది. బద్రు తన సగం నడిచి, రెండు సగాలూ నడిచినట్టు పుస్తకంలో రాశాడు. విమానం చెప్పిన వేళకంటే ముందే దిగింది. ఏసోబు సగంలో చక్రం పేలి, బురదలోకి జారి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

"ఎవరి సగమని అడిగిండ్రు. బద్రు 'నాది' అన్నడు. ఆని భుజం మీది పట్టీ ఊడబీకిండ్రు. నేను అదే లైన్ల నిలబడ్డ. ఆనికి నాకు నడుమ ఒక్క మనిషి. నోరు తెరువలే." కిటికీ లేని ఆటోలోంచి గంగారం వైపు చూస్తూ అన్నాడు. "బద్రు మల్ల పైకి రాలే, నౌకరి ఇడిసి ఇంటికి పోయిండు. ఆ తండాల పిల్లగాండ్లు ముసలోండ్లయిండ్రు, నేను గీ బాటలన్నీ తిరుగుతున్న."

హ్యాండిల్ గంగారం వైపు తిప్పాను.

బద్రు ఇంటి ముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఎర్ర తలపాగా, చూపు ఆనదు. "ఎవరది?" అన్నాడు.

"రేగొండకు పోయిన ఏసోబును."

బద్రు మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. "తెల్లారేవరకు వస్తనంటివి గదరా."

చాయ్‌లు వచ్చాయి. ఇంట్లోవాళ్లు చుట్టూ చేరారు. బద్రు మనవరాలు సునీత అప్పుడే పరుగు నుంచి వచ్చి చెమట తుడుచుకుంటోంది. పోలీసు నౌకరికి తయారవుతోందట. నలుగురికీ తెలిసిన కథే అయినా కొత్తవాళ్లు వచ్చారు కాబట్టి ఆమె మళ్లీ చెప్పింది. విమానం చక్రం పేలిందట, మంటలు లేచాయట, వాళ్ల తాత మంటల్లోకి దూకి పైలట్‌ను భుజాన వేసుకొని వచ్చాడట. నేను మెచ్చుకోలుగా బద్రు వైపు చూశాను. మంటలు పెట్టిన తీరు చూస్తే పనితనం తెలిసిపోతుంది. బద్రు నేలను చూస్తున్నాడు.

"తాతా, నువ్వు గాడనే ఉన్నవంట గదా," అంది సునీత ఏసోబు బాపుతో. "మా తాత చెప్పేది నిజమేనా? మా బావ నవ్వుతడు, ముసలాయన కోతలు కోస్తున్నడని. ఆ ముచ్చట ఇనే నేను ఈ నౌకరికి ఉరుకుతున్న."

ఏసోబు బాపు గ్లాసు కింద పెట్టాడు. ట్రాక్టరు నట్ల రోజు నా చేతిలోంచి పెన్ను తీసుకున్న మనిషి. బద్రు కథ అయిపోయిందనుకున్నాను.

"మంటల సంగతి నన్ను అడగకు బిడ్డా. నేనొచ్చేసరికి అంత అయిపోయింది," అన్నాడు. "నేను చెప్పేది ఏందంటే, ఆ పొద్దు ఆ సగం నడువాల్సినోన్ని నేను. నా బిడ్డను చూడనీకి పోయిన. తప్పు నాది. మీ తాత తన నెత్తినేసుకొని తన పట్టీ ఇచ్చిండు. నేను చూసుకుంట నిలబడ్డ. గది నా కండ్లతోని చూసిన, గదానికి సంతకం పెడత."

సునీత వాళ్ల తాతను చూసింది. "గీ ముచ్చట ఎన్నడు చెప్పలేదేంది?" అంది. బద్రు తలపాగా కొసతో ముక్కు తుడుచుకొని, "గిది చెప్పుకునేటిదా," అన్నాడు.

అందరూ లోపలికి పోయాక బద్రు గొంతు తగ్గించాడు. "మంటల కాడ మంచిగ తప్పిచ్చినవ్‌ ఏసోబూ."

"లేనిదాన్ని ఉన్నదనలే, లేదనలే. నీ మంటలు నీయి. ఎంత పెద్దగ పెట్టినవ్‌రా."

"మొదాలు చిన్నగనే పెట్టిన. ఏడాదికింత పెరిగినయ్."

ఇద్దరూ నవ్వారు. వాళ్లు నవ్వుతుంటే నాకు అర్థమైంది. ఈయన ఇన్నాళ్లూ నా ఎగిరే ఆటోను ఎందుకు దించలేదో, నట్ల దగ్గర ఎందుకు వదల్లేదో. ఎవరికీ బరువు కాని కోత ఆయనకు కోతే కాదు. ఇంకొకడి మీద బరువు పడేది అయితే, నోరు మూసుకోవడం కూడా ఆయనకు అబద్ధమే.

అక్కడి నుంచి ముగ్గురం రేగొండ బాటకు పోయాం. ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. ముసలివాళ్లిద్దరూ చెప్పులు విప్పి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని, ఈ చివర నుంచి ఆ చివర దాకా రాళ్లు ఏరుతూ నడిచారు. బద్రు తలపాగా విప్పి మూట కట్టి రాళ్లు అందులో వేశాడు.

ఇక నా ప్రమాణం సంగతి. ముసలివాళ్లిద్దరూ కలిసి నడిచిన ఆ రెండు ముక్కలూ నేను కల్పించినవి. బద్రుకు మోకాళ్లు పనిచేయవు. ఆయన మిరప బస్తా మీద కూర్చొని, "ఏసోబూ, నీ సగం నువ్వు నడువు. నా సగం ఈ పిలగాడు నడుస్తడు," అన్నాడు. ముప్పై దాటిన నన్ను. ఏసోబు బాపు తన సగం పూర్తిగా నడిచాడు. నేను మిరపకాయలు అయిపోయేదాకా నడిచాను. అవతల తుమ్మకంప, పైన ఎండ. ఇక్కడ ఏ విమానం దిగుతుందిలే అని వెనక్కి తిరిగాను.

"కొసదాక పోయినవా?" అన్నాడు బాపు.

"పోయిన."

ఆయన రెండో ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మర్నాడు కిరాయి వదులుకొని ఖాళీ ఆటోతో మళ్లీ అక్కడికి పోయాను. తుమ్మకంపలో వంగి వెతుకుతుంటే మిరపకాయలు తిరగేసే ఆమె వచ్చింది.

"ఏం పోగొట్టుకున్నవన్నా?"

"ఏం లేదక్కా. ఇమానం వస్తది, రాళ్లు ఏరుతున్న."

ఆమె ఒకసారి ఆకాశం చూసింది. "వస్తే ఆ పక్కకు దింపుమను. ఈడ కాయ ఇంకా ఎండలే."

సాయంత్రం షెడ్డుకు పోయి చెప్పాను. "నిన్న కొసదాక పోలే బాపు. ఇయ్యాల పోయిన."

ఆయన ఇంజను మీంచి తల ఎత్తలేదు. "రాళ్లున్నయా?"

నలభై అనాలని నాలుక చివరి దాకా వచ్చింది.

"మూడు," అన్నాను.

"మంచిది," అన్నాడు.

ఇప్పటికీ ఏటా మిరప లోడుకు అటు పోయినప్పుడు ముందు ఆ తుమ్మకంప దాకా నడిచి వస్తాను. ఎన్ని రాళ్లు దొరికాయని మా డ్రైవర్లు అడిగితే దొరికినన్నే చెబుతాను. ఉడుము విషయంలో మాత్రం నన్ను ఎవరూ అడగవద్దు.